రెండు తాళాల టర్బైను

“నంద్యాలకూ ఆళ్లగడ్డకూ ఇంక కరెంటు కష్టం లేదు. ఎర్రమట్టిదిన్నె కాడ కాలువ నీళ్లు పైనుంచి ఊరికే కింద పడతాండాయి. ఎన్నేండ్లనుంచో పడతాండాయి. ఏ ప్రభుత్వమన్నా పట్టించుకునిందా? మన ప్రభుత్వం పట్టించుకునింది. ఇంకమీద ఆ నీళ్లు ఊరికే పడవు. పని చేసి పడతాయి.”

చిన్న విద్యుత్తు శాఖ ఉపమంత్రి చెన్నకేశవులుగారు ఎనభైమూడో సంవత్సరం ఎండాకాలంలో నంద్యాల మున్సిపల్ మైదానంలో చేసిన ఈ ప్రకటనను విన్నవాళ్లు అదృష్టవంతులు. మైకుసెట్టువాళ్లు హారన్లను బొమ్మలసత్రం దాకా కట్టడం వల్ల, వినడం ఇష్టం లేనివాళ్లకు కూడా ఆ అదృష్టం దక్కింది. నీళ్లచేత పని చేయించిన మొదటి నాయకుడని కార్యకర్తలు ఆయన్ను దండలతో ముంచెత్తారు. శాఖలో మనుషులచేత పని చేయించే నాయకుడు ఇంకా రావలసి ఉంది.

వేదిక మీద చివరి ఇనప కుర్చీలో కూర్చున్న అసిస్టెంట్ ఇంజనీరు రాజరత్నం అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. అతనికి నిజంగానే సంతోషంగా ఉంది. నంద్యాల మిషన్ బడిలో చదివి, అనంతపురంలో ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరినప్పటినుంచీ కరెంటు స్తంభాలు పాతించడం తప్ప మరో పని ఎరగని మనిషి అతడు. ఎర్రమట్టిదిన్నె కేంద్రంలో పెట్టబోయే టర్బైను అతని చేతికి వచ్చిన మొదటి అసలైన యంత్రం. దాన్ని లారీలోంచి దించిన రోజున భార్య అరుణకుమారిని స్కూటరు మీద తీసుకెళ్లి, కొత్త దూడను చూపించినట్టు చూపించాడు. ఆమె తమ్ముడు యేసురత్నానికి అక్కడే ఆపరేటరు ఉద్యోగం కూడా వేయించాడు. ఈ రెండో పని గురించి ఆ తరువాత అతడు చాలా ఆలోచించాడు.

ఇక చెన్నకేశవులుగారి గొప్పదనం. అది తెలియనివాళ్లు జిల్లాలో లేరు గానీ ఒక మాట చెప్పుకోవడం ధర్మం. ఎంతటి తగాదానైనా ఆయన సగం సగం చేసి తీర్చేస్తారు. కొలిమిగుండ్ల పక్కన రెండు ఊళ్లు బస్టాపు కోసం కొట్టుకుంటుంటే, రెండు ఊళ్లకూ సరిగ్గా మధ్యన, కంపచెట్లు తప్ప ఏమీ లేని చోట బస్టాపు కట్టించారు. ఇప్పుడు రెండు ఊళ్లవాళ్లూ సమానంగా నడుస్తున్నారు. బేతంచెర్లలో బడికి బండలు పరిచే కాంట్రాక్టును ఇద్దరికి పంచితే, ఒకరు తూర్పు నుంచి, ఇంకొకరు పడమర నుంచి పరుచుకుంటూ వచ్చి, నడిమధ్యన బెత్తెడు ఎత్తు తేడాతో కలుసుకున్నారు. హెడ్మాస్టరు ఆ మెట్టు మీద నిలబడే ప్రార్థన చేయిస్తాడు. అంతదూరం చూడగల నాయకుడు ఆయన.

ఎర్రమట్టిదిన్నెలోనూ ఒక తగాదా ఉంది. అక్కడ కాలువ రెండుగా చీలుతుంది. యంత్రంలోంచి దిగిన నీళ్లు ఆళ్లగడ్డ వైపు పోతాయి. యంత్రంలోకి దిగని నీళ్లు పక్కనుంచి నంద్యాల వైపు పోతాయి. యంత్రం నిండా తిరిగితే ఆళ్లగడ్డకు పండగ, ఆగితే నంద్యాలకు పండగ. నంద్యాల వైపు రైతులకు రంగయ్య పెద్ద, ఆళ్లగడ్డ వైపు రైతులకు కొండయ్య పెద్ద. ఇద్దరూ తరాల నాటి భూస్వాములే. ఒకరు కూర్చున్న చోట ఇంకొకరు కూర్చోరు. కూర్చుంటే ఇద్దరిలో ఒకరే లేస్తారని చుట్టుపక్కల అనుకుంటారు.

ప్రారంభోత్సవం నాడు ఇద్దరూ వచ్చారు. రంగయ్య మనుషులు షెడ్డుకు ఎడమ గోడ వెంబడి, కొండయ్య మనుషులు కుడి గోడ వెంబడి నిలబడ్డారు. మధ్యలో కొత్త టర్బైను, దాని పక్కన నీటి తలుపును తిప్పే ఇనప చక్రం, ఆ పక్కన ఉపమంత్రిగారు ఉన్నారు.

“మిషన్ నిండా తిప్పితే నీళ్లన్నీ ఆళ్లగడ్డోళ్లకు పోతాయి. మా చేన్లు ఎండాల్నా?” అన్నాడు రంగయ్య, కొండయ్య వైపు చూడకుండా.

“మిషన్ ఆపితే నీళ్లన్నీ నంద్యాలోళ్లకు పోతాయి. మావి చేన్లు కావా?” అన్నాడు కొండయ్య, పైకప్పు రేకుల్ని చూస్తూ.

చెన్నకేశవులుగారి ముఖం వెలిగిపోయింది. “ఇంతేనా? చక్రం సగం తిప్పి వదిలేద్దాం. సగం మిషన్‌లోకి, సగం బయటికి. అయిపాయె.”

రాజరత్నం గొంతు సవరించుకున్నాడు. “సార్, ఒక్క మాట. సగం మాత్రం వద్దు. వారం రోజులు నిండా తిప్పుదాం, వారం రోజులు పూర్తిగా ఆపుదాం. ఇద్దరికీ నీళ్లు అంతే వస్తాయి. మిషన్‌కూ మంచిది.”

“సగానికి ఏమొచ్చిందప్పా?”

“సగం తెరిస్తే నీళ్లు నేరుగా దిగవు సార్. మిషన్ కిందనుండే పైపులో తాడు పేనినట్టు మెలితిరుగుతాయి. ఆ నీళ్ల తాడు పైపు లోపల గిరగిరా తిరుగుతా, ఒకసారి ఈ గోడని, ఒకసారి ఆ గోడని కొడతాంటాది. ఒకసారి ఒత్తిడి ఎక్కువ, ఒకసారి తక్కువ. మిషన్ మొత్తం ఊగుతాది. నిండా తెరిస్తే ఆ బాధ లేదు.”

ఉపమంత్రిగారు ఓపిగ్గా విన్నారు. చదువుకున్నవాళ్ల మాట పూర్తిగా విని, ఆ తరువాతే పక్కన పెట్టడం ఆయన అలవాటు.

“వారం వారం ఇస్తే ఒక వారం ఈయన గెల్చినట్టు, ఒక వారం ఆయన గెల్చినట్టు. గెల్చినోడు ఊరుకుంటాడా, ఊరేగుతాడు. ఓడినోడు ఊరుకుంటాడా?” అని ఆయన అడిగారు. “సగమైతే ఎవుడూ గెలవడు. ప్రజాస్వామ్యమంటే అదే. ఇంక మిషన్ అంటావా, ఊగితే ఊగనీ. దానికేమన్నా ఓటుండాదా?”

అప్పటికప్పుడు చక్రాన్ని సరిగ్గా సగానికి తిప్పి, దాని ఆకుల్లోంచి లారీ గొలుసు దూర్చి, గాంధీచౌకులో కొనుక్కొచ్చిన రెండు పెద్ద తాళాలు వేశారు. ఒక తాళం చెవి రంగయ్య మొలతాడుకు, ఒక తాళం చెవి కొండయ్య మొలతాడుకు చేరింది. ఇద్దరూ కలిసి వస్తే తప్ప చక్రం కదలదు. ఇద్దరూ కలిసి రారు. ఇంత గట్టి ఏర్పాటు దేశంలో మరే యంత్రానికీ లేదని పేపరువాళ్లు రాశారు.

అంతలో యంత్రం అందుకుంది. ముందు బల్ల మీది టీ గ్లాసులు గలగలలాడాయి. తరువాత ఉపమంత్రిగారి కళ్లద్దాలు ముక్కు మీంచి జారాయి. తరువాత నేల మొత్తం ధన్ ధన్ మని ఊగడం మొదలుపెట్టింది. గుంపు రెండడుగులు వెనక్కి వేసింది. చెన్నకేశవులుగారు మాత్రం రెయిలింగు గట్టిగా పట్టుకుని, గడ్డం వణుకుతుండగా జనం వైపు తిరిగారు.

“చూడండప్పా, ఏం పవరు. భూమి అదురుతాంది.”

చప్పట్లు మోగాయి. ఆ రోజునుంచీ ఎర్రమట్టిదిన్నెలో ఊగుడు అంటే కరెంటు అని అర్థం.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లెవరూ షెడ్డు కిందికి దిగి చూడలేదు. నేల కింద ఒక గుంత ఉంది. ఇనప మెట్లు దిగి పోవాలి. నీళ్ల తాడు తన్నే పైపు అక్కడే ఉంటుంది. ఆ పైపును పైనున్న టర్బైనుకు పట్టి ఉంచే బోల్టులు ఊగుడుకు వదులవుతూ ఉంటాయి. యేసురత్నం డ్యూటీలో ఉన్నంతసేపూ మాటిమాటికీ స్పానరు తీసుకుని ఆ గుంతలోకి దిగి, యంత్రం తిరుగుతుండగానే వాటిని బిగించి రావాలి. ఆపి బిగించే వీలు లేదు. పెంచాలన్నా తగ్గించాలన్నా ఆపాలన్నా ఆ ఒక్క చక్రమే, దానికి రెండు తాళాలు. ఇనప రంపం స్టోరులో ఉన్న మాట నిజమే. కానీ తాళాలు కోస్తే, ఆ తరువాత తలలు కోసేవాళ్లు రెండు వైపులా సిద్ధంగా ఉన్నారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక యేసురత్నం అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. నీళ్ల గ్లాసు ఎత్తితే చేతిలో గ్లాసు వణికింది.

“ఏందిరా అది?” అంది అరుణకుమారి.

“ఏం లేదక్కా. ఆడ అలవాటైపోయింది. ఈడ నేల ఊగకపోతే నాకే తల తిరుగుతాంది.” వాడు నవ్వాడు. తరువాత రాజరత్నం వైపు తిరిగి మామూలుగా చెప్పాడు. “బావా, నిన్న ఒక నట్టు పిట్టమాదిరి ఎగిరి పోయింది. చెవి పక్కనుంచే. గోడలో దిగబడింది. ఇంకా ఆణ్నే ఉండాది చూడు.”

అరుణకుమారి వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసింది. “నువ్వు రేపటినుంచి పోవద్దు.”

“పోకుంటే ఎట్లక్కా? బోల్టులు ఊడితే పైపు విడిపోతాది. పైన నిలబడినోళ్లంతా గుంతలోకే. ఇంకో ఆరు నెలలుంటే పర్మినెంటు చేస్తామన్నారు.”

వాడు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాక ఆమె భర్తను సూటిగా చూసింది. ఆమె మిషన్ బడిలో టీచరు. పిల్లల్ని కూడా అలాగే చూస్తుంది. “ఆ ఉద్యోగం వేయించింది మీరే. వాణ్ని నాకు ప్రాణాలతో అప్పజెప్పేదీ మీరే. ఆ మిషన్ నిండా తిప్పుతారో, ఆపుతారో, మీ ఇష్టం. నాకు భయంగా ఉండాది.”

రాజరత్నానికి అన్నం సహించలేదు. ఆమెకన్నా అతనికే ఎక్కువ భయంగా ఉంది. ఎందుకంటే ఆ పైపు ఎంతకాలం ఆగుతుందో ఆమెకు తెలియదు, అతనికి తెలుసు.

పైఅధికారులకు రాశాడు. పైఅధికారులు వెంటనే స్పందించారు. “ఊగుడు నంద్యాల వైపు ఎక్కువగా ఉన్నదా, ఆళ్లగడ్డ వైపు ఎక్కువగా ఉన్నదా, స్పష్టంగా తెలుపవలెను” అని జవాబు వచ్చింది. రెండు వైపులా ఉందని రాస్తే, తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి పంపారు. ఆయన షెడ్డు నడిమధ్యన ఒక స్టూలు వేయించి, దాని మీద నిండు గ్లాసు మజ్జిగ పెట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని పరిశీలించాడు. మజ్జిగ రెండు వైపులా సమానంగా ఒలికింది. ఊగుడులో పక్షపాతం లేదని ఆయన నివేదిక ఇచ్చాడు. ఆ నివేదికను ఉపమంత్రిగారు ఆళ్లగడ్డ సభలో ఒకసారి, నంద్యాల సభలో ఒకసారి చదివి వినిపించారు.

రాజరత్నం రంగయ్య ఇంటికి వెళ్లాడు.

“అన్నా, ఒక్కసారి వచ్చి తాళం తీస్తే చాలు. కింద మనిషి ప్రాణం మీదికొస్తాంది.”

“నాకేమప్పా, బంగారంగా వస్తా. ఆ కొండయ్యని ముందు రమ్మను. ఆయన వచ్చి నిలబడి నాకోసం ఎదురుచూడల్ల. అప్పుడు వస్తా.”

కొండయ్య ఇంటికి వెళ్లాడు.

“నేను కాదన్లేదే,” అన్నాడు కొండయ్య. “ఆ రంగయ్య ముందొచ్చి నిలబడల్ల. కూర్చోకూడదు, నిలబడల్ల. కబురు రాంగానే బేగా వచ్చేస్తా.”

ఇద్దరి మాటా దాదాపు ఒకటే. జిల్లాలో అంత ఏకాభిప్రాయం అంతకుముందు ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఈలోగా రంగయ్య అక్క ఉమామహేశ్వరమ్మ ఒకనాడు యంత్రాన్ని చూడ్డానికి వచ్చింది. ఆమెకు ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులు. ఊగే గచ్చు మీద కాసేపు నిలబడి, కర్ర పక్కన పారేసి, నాలుగడుగులు నడిచింది. “ఈ సుఖం కర్నూలు పెద్దాసుపత్రిలో కూడా దొరకలే,” అని చెప్పింది. మరుసటి రోజుకు నంద్యాల వైపునుంచి రెండు ట్రాక్టర్ల నిండా మోకాళ్లు దిగాయి. సంగతి తెలిసి కొండయ్య తల్లి రంగనాయకమ్మ కొడుకును నిలదీసింది. “వాళ్ల మోకాళ్లేనా మోకాళ్లు? సగం ఊగుడు మనది కాదా?” తగాదా ఉపమంత్రిగారి దాకా పోయింది. ఉదయం నంద్యాల మోకాళ్లకు, సాయంత్రం ఆళ్లగడ్డ మోకాళ్లకు అని ఆయన క్షణంలో తీర్పు చెప్పారు. ‘మోకాళ్ల నొప్పులున్నవారికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదు’ అని షెడ్డు తలుపు మీద బోర్డు పెట్టించారు. విద్యుత్తు, వ్యవసాయం, వైద్యం అనే మూడు శాఖల పనిని ఒక్క యంత్రంచేత చేయించిన ఘనత కూడా ఆయనకే దక్కింది.

ఊగే నేల మీద ముసలివాళ్లు కళ్లు మూసుకుని నిలబడేవారు. వాళ్ల కాళ్ల కింద, గుంతలో, యేసురత్నం బోల్టులు బిగించేవాడు. రాజరత్నం పైనున్న మనుషుల్ని లెక్కపెట్టుకునేవాడు.

చివరికి అతనికి ఒక ఉపాయం తట్టింది. ప్రాణం సంగతి చెబితే కదలనివాళ్లు పరువు సంగతి చెబితే కదులుతారని, పుట్టి పెరిగిన చోటు గురించి అతనికి ఇంత ఆలస్యంగా గుర్తుకొచ్చింది. మళ్లీ రంగయ్య దగ్గరికి వెళ్లాడు.

“ఊగుడుకు తాళాలు రెండూ అరిగిపోతాండాయన్నా. ఏదో ఒకటి ముందు ఊడిపడతాది. ఎవరిది ముందు పడతాదో నేను చెప్పలేను.”

రంగయ్య మంచం మీంచి లేచాడు. “మాది ముందు పడిందంటే ఆ నాయాళ్లు ఏమనుకుంటారు?”

కొండయ్య కూడా అదే మాట అన్నాడు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. రాజరత్నం హైదరాబాదుకు ఫోను చేసి, తాళాలకు నూనె పోసి మళ్లీ వేసే కార్యక్రమం ఒకటి పెడితే రెండు పక్షాలూ ఒకే వేదిక మీదికి వస్తాయని ఉపమంత్రిగారికి చెప్పాడు.

“ఫొటో వస్తాదా?” అని అడిగారు చెన్నకేశవులుగారు.

“ఇద్దరూ మీకు అటొకరు ఇటొకరు నిలబడతారు సార్.”

‘తాళాల తైలాభిషేక మహోత్సవం’ అని వాల్‌పోస్టర్లు వేశారు. నంద్యాలనుంచి షామియానా వచ్చింది, శిరివెళ్లనుంచి బ్యాండు వచ్చింది. అరుణకుమారిని ప్రార్థనాగీతం పాడించడానికి పిల్లలతో రమ్మన్నారు. ఆమె వచ్చింది గానీ కళ్లు మాత్రం ఇనప మెట్ల మీదే ఉన్నాయి. ఆ రోజు డ్యూటీ యేసురత్నానిదే. ఉమామహేశ్వరమ్మ, రంగనాయకమ్మ ముందు వరసలో, సరిగ్గా టర్బైనుకు ఎదురుగా, చెప్పులు విడిచి నిలబడ్డారు. నేల ఎప్పటిలాగే ధన్ ధన్ మంటోంది.

రంగయ్య, కొండయ్య ఒకేసారి రెండు తలుపుల్లోంచి లోపలికి వచ్చారు. ఆ ఏర్పాటు కోసం గోడ పగలగొట్టి రెండో తలుపు పెట్టవలసి వచ్చింది. ఒకేసారి వంగారు, ఒకేసారి తాళాలు తీశారు. గొలుసు జారి కింద పడింది. ఫొటోగ్రాఫరు ముగ్గుర్నీ కలిపి ఫొటో తీశాడు. చెన్నకేశవులుగారు నూనె సీసా చేతిలో పట్టుకుని జనం వైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నారు.

“ఈపొద్దు రెండు తాళాలు కాదప్పా, రెండు గుండెలు తెరుచుకున్నాయి...”

అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. రాజరత్నం చక్రం దగ్గరికి నడిచాడు. ఒక్కసారి భార్య వైపు చూశాడు. తరువాత రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని, కొంచెం కొంచెంగా, చివరికంటా తిప్పాడు.

ధన్ ధన్ పలచబడింది. గలగలమంటున్న గాజు గ్లాసులు సద్దుమణిగాయి. ఆ తరువాత నేల నిలిచింది. యంత్రం లోపలినుంచి సన్నగా, హాయిగా, తేనెటీగల తుట్టెలోంచి వచ్చినట్టు ఒకే ఒక శబ్దం వస్తోంది. పైనున్న బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి. మీటరు ముల్లు చివరిదాకా పోయి, అక్కడే కదలకుండా నిలబడింది. తన యంత్రం ఎలా తిరగాలో అలా తిరగడం రాజరత్నం మొదటిసారి చూస్తున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

యేసురత్నం మెట్లెక్కి పైకి వచ్చాడు. వాడి ముఖం నిండా నవ్వు. “బావా, బోల్టు మీద చెయ్యి పెట్టి చూసినా. రాయిమాదిరి ఉండాది. కదల్లే.”

అరుణకుమారి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు ఉమామహేశ్వరమ్మ గొంతు వినిపించింది. “ఏందీ, మిషన్ ఆగిపోయిందే?”

ఉపన్యాసం ఆగింది. బ్యాండువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జనమంతా కాళ్లకేసి చూసుకున్నారు. నేల కదలడం లేదు.

“ఆగిపోయింది. సచ్చిపోయింది,” అంది రంగనాయకమ్మ. “నా మోకాళ్లు పట్టేస్తాండాయి నాయనా.”

“ఎవుడు ఆపిందీ?” అన్నారు చెన్నకేశవులుగారు.

“ఆగలేదు సార్,” అన్నాడు రాజరత్నం. “ఇప్పుడే తిరుగుతాంది. ఇన్నాళ్లూ కొట్టుకునింది, ఇప్పుడు తిరుగుతాంది. లైట్లు చూడండి సార్, ఎంత వెలుగుండాయో. మీటరు చూడండి.”

ఉపమంత్రిగారు మీటరు వైపు చూశారు. “ముల్లు చివరికి పోయి ఇరుక్కునింది కదప్పా. కదిలేదేమన్నా ఉండాదా? మునుపు ఎట్ల ఎగురుతాండె.”

“ఎగరకూడదు సార్.”

“లైట్లు ఎవరైనా వెలిగిస్తారు. ప్రజలకు తెలియాల్న వద్దా, మిషన్ పనిచేస్తాందని? నిలబడితే ఏమన్నా తెలుస్తాండాదా?” ఆయన బూటుతో నేలను రెండుసార్లు తట్టి, రంగయ్య వైపు తిరిగారు. “ఏమన్నా, నీకేమన్నా తెలుస్తాందా?”

“ఏమీ తెల్లే,” అన్నాడు రంగయ్య. “నీళ్లన్నీ ఆళ్లగడ్డోళ్లకు దోచిపెట్టేదానికి మిషన్ని సంపినాడు ఈయప్ప.”

“మాకు దోచిపెట్టేదేంది?” అన్నాడు కొండయ్య. “మా సగం ఊగుడు మాకు కావల్ల. సచ్చిన మిషన్‌లోంచి వచ్చే నీళ్లు మాకెందుకు?”

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆ చారిత్రక ఘట్టాన్ని కూడా ఫొటోగ్రాఫరు తీశాడు. అరుణకుమారి ముందుకొచ్చి, “అయ్యా, ఇట్లే ఉండనియ్యండి, మా తమ్ముడు కింద...” అని ఏదో చెప్పబోయింది. పిల్లల టీచరమ్మ కాబట్టి ప్రార్థనాగీతం ఇంకా మిగిలి ఉందేమోననుకుని, కార్యకర్తలు ఆమెను గౌరవంగా పక్కకు తీసుకెళ్లారు.

చెన్నకేశవులుగారు పైకండువా నడుముకు చుట్టి, చక్రాన్ని స్వయంగా పట్టుకుని, సగానికి వెనక్కి తిప్పారు. టీ గ్లాసులు గలగలలాడాయి. నేల ధన్ మంది. షామియానా గుంజలు ఊగాయి. షెడ్డు బయట ఉన్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. గొలుసు పైకి లేచింది, తాళాలు పడ్డాయి, చెవులు మొలతాళ్లకు చేరాయి. ఉమామహేశ్వరమ్మ కళ్లు మూసుకుంది.

మరునాడు పేపర్లలో వార్త వచ్చింది. “ఒక అధికారి నిర్వాకం వల్ల ఆగిపోయిన యంత్రాన్ని ఉపమంత్రి స్వహస్తాలతో నడిపించారు. యంత్రం మునుపటికన్నా బాగా ఊగుతున్నదని ప్రజలు హర్షం వెలిబుచ్చారు.” అదే రోజు రాజరత్నాన్ని సస్పెండు చేశారు. కరెంటు కేంద్రంలో అడుగు పెట్టకూడదన్నారు. అతని స్థానంలోకి నంద్యాల వైపువాళ్లు ఒక పేరు, ఆళ్లగడ్డ వైపువాళ్లు ఒక పేరు చెప్పారు. ఇద్దరినీ చెరి సగం జీతానికి వేసే విషయం పరిశీలనలో ఉంది.

యేసురత్నం ఉద్యోగం మానలేదు. అక్క బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. “నేను దిగకుంటే పైన ముసలోళ్లుండారు కదక్కా,” అని వాడు ఒకటే మాట. సాయంత్రం డ్యూటీకి సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

రాజరత్నం ఇంట్లో ఉండలేకపోయాడు. వెనకే ఎర్రమట్టిదిన్నెకు పోయాడు. షెడ్డు తలుపు దగ్గర కొండయ్య మనిషి ఒకడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొత్తగా వేసినవాడు, ముఖాలు తెలియవు. పొడుగాటి వరస ఉంది. రాజరత్నం వరసలో నిలబడ్డాడు.

“యా పక్కోడివప్పా? సాయంత్రం ఆళ్లగడ్డోళ్లకే.”

“ఆళ్లగడ్డే,” అన్నాడు రాజరత్నం.

“ఏం నొప్పి?”

“మోకాళ్లు.”

వాడు తలుపు తీశాడు. లోపల నేల ఎప్పుడూ లేనంతగా ఊగుతోంది. రాజరత్నం చెప్పులు విడిచి, అరికాళ్లు గచ్చుకు ఆనించి నిలబడ్డాడు. కిందనుంచి స్పానరు చప్పుడు ఇనప పైపు మీద టంగు టంగుమని వినబడుతోంది. పక్కనే కొండయ్య తల్లి రంగనాయకమ్మ ఉంది. కాసేపటికి స్పానరు చప్పుడు ఆగింది. ఆ వెనకే గుంతలోంచి, నట్టు ఎగిరి గోడకు తగిలినట్టు, ఏదో గట్టిగా ఒకసారి మోగింది. నేల ఇంకా జోరుగా ఊగింది.

“ఈపొద్దు బాగా పనిచేస్తాంది నాయనా,” అంది రంగనాయకమ్మ, కళ్లు తెరవకుండానే. “ఇదిగో, ఈడ నిలబడు, ఈడ ఇంకా బాగుంటాది.”

రాజరత్నం ఇనప మెట్ల వైపు నడిచాడు. వరస తప్పుతున్నావని వెనకనుంచి ఎవరో కేకలేశారు.